కాలేయాలకు బారసాల

నమోదు 1

ఆరోగ్య కమిటీ కొత్త నియమం పెట్టింది. పాతమందుల పంటు మీద పనిచేసేవాళ్ళు ఎప్పుడేం జరిగిందో క్లుప్తంగా రాసిపెట్టాలట. రాయమంటే రాస్తాను గాని, క్లుప్తం అనేది మా వంశంలోనే లేదు. చదివేవాళ్ళు ఓ చెంబుడు మంచినీళ్ళు దగ్గర పెట్టుకుని కూర్చోండి.

నేను గుత్తుల సుభాషిణిని. మా తేలూరంటే గొలుసులతో ఒకదానికొకటి కట్టిన పంట్లు, అంటే చదునైన పెద్ద బల్లకట్లు. ఒక్కో పంటు ఒక్కో వీధి. కింద సముద్రం, దాని కింద మా తాతలు దున్నిన వరిచేలు. పొద్దున్నే లేచి గొలుసులు బిగువుగా ఉన్నాయో లేదో చూసుకుని, ఉప్పునీటి యంత్రంలో వడపోత గుడ్డ ఉతికి, వంగమొక్కలకు నీళ్ళు పోసి, ఆ తర్వాత ఉద్యోగానికి వస్తాను. ఉద్యోగం ఏమిటంటే సంబంధాలు చూడడం. మనుషులకు కాదు, మందులకు.

కొత్త మందు తయారు చేయాలంటే ఫ్యాక్టరీ కావాలి, ఏళ్ళ తరబడి ఓపిక కావాలి. ఫ్యాక్టరీలు చేపల పాలయ్యాయి, ఓపిక మాకు మొదటినుంచీ తక్కువే. అందుకని ఊళ్ళు మునగకముందు ఎత్తిపెట్టిన పాత మందులన్నీ మా పంటు మీది బీరువాల్లో దాచాం. జ్వరానికని పుట్టిన మాత్ర మూర్ఛకు పనికిరావచ్చు, గుండెకని పుట్టింది చెవిపోటుకు పనికిరావచ్చు. రోగి జన్యువుల్ని ఒక పక్కా మందు గుణాల్ని ఒక పక్కా పెట్టి పొంతన చూసే యంత్రం ఒకటుంది. దాన్ని సిద్ధాంతి అంటాం. జాతకాలు చూసినట్టే చూస్తుంది, దక్షిణ మాత్రం అడగదు.

ఇవాళ సిద్ధాంతి ముందు పెట్టిన జాతకం మా అత్తది. అందుకే రెండుసార్లు తప్పు మీట నొక్కాను.

నమోదు 2

అత్త పేరు వరహాలమ్మ. నాకు మేనత్తా ఆవిడే, అత్తగారూ ఆవిడే. ఆవిడ కొడుకు భద్రం మా ఆయన, తేలూరు పడవలకు సరంగు. మాది మేనరికం. మా తాతా నాయనమ్మలదీ మేనరికమే. మా ఇంట్లో జన్యువులు ఊరు దాటి ఎప్పుడూ వెళ్ళలేదు, ఆ చుట్టూ ఈ చుట్టూ తిరిగి మళ్ళీ మా చూరు కిందికే చేరాయి.

దాని ఫలితం అత్త ఒంట్లో బయటపడింది. కాలేయంలో పిత్తరసం బయటికి పోవడానికి చిన్న చిన్న తలుపులుంటాయి. తల్లి నుంచి వచ్చిన జన్యువులోనూ తండ్రి నుంచి వచ్చిన జన్యువులోనూ ఒకే చోట అచ్చుతప్పు పడి, అత్త తలుపులు సగమే తెరుచుకుంటాయి. పిత్తం లోపలే నిలిచి నెత్తుట్లోకి పొర్లుతుంది. కళ్ళు పచ్చబడ్డాయి. అది ఎలాగో ఓర్చుకుంటుంది. ఓర్చుకోలేనిది దురద. అరికాళ్ళ నుంచి అరచేతుల దాకా, చర్మం కింద, గోకినా అందని దురద. కూర్చుని కునుకు తీయబోతే గోళ్ళే లేపుతాయి.

కార్తీకంలో ఆసుపత్రి ఓడ వస్తుంది. కాలేయం మార్చుకోవలసిన వాళ్ళని ఎక్కించుకుని ఒడ్డుకు తీసుకుపోతుంది. అక్కడ వరసలో కూర్చోవాలి. తేలూరు నుంచి ఆ వరసలోకి వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళని నేనైతే చూడలేదు. ఈలోగా పాత మందేదైనా కుదిరితే అత్త ఇక్కడే ఉంటుంది, లేకపోతే ఓడెక్కుతుంది. ఇదీ సంగతి.

అత్త మాత్రం ఓడ గురించి తేలిగ్గా మాట్లాడుతుంది. నిన్న నేను ఆవిడ వీపుకు చల్లటి గుడ్డ అద్దుతుంటే అంది:

"నాకు చావంటే బయ్యం లేదే సుభా. గోక్కోకుండా ఒక్క పూట పడుకుంటే చాలు. ఆనక ఓడెక్కించినా సరే, ఒల్లకాటికెత్తినా సరే."

నేను బయటికి వచ్చి గొలుసు బిగించే నెపంతో కాసేపు ఏడ్చాను. గొలుసు బిగువుగానే ఉంది.

నమోదు 3

శుభవార్త. అత్త కణాలతో పెంచిన చిట్టి కాలేయాలు బతికాయి. నలభై గాజు పళ్ళాల్లో నలభై, ఒక్కోటి ఆవగింజంత. ఇక వాటికి ఒక్కో మందు రుచి చూపించాలి. సిద్ధాంతి తలుపు బాగుచేయగలవేమో అన్న పాత మందులన్నిటినీ వరసగా రాసిచ్చింది.

అత్త వాటిని చూడ్డానికి వచ్చింది. భూతద్దంలోంచి ఒక్కోదాన్నీ చూసింది. తర్వాత వాటికి తిండి ఎవరు పెడుతున్నారని అడిగింది. చలిగా లేదు కదా అంది. మూడో పళ్ళెంలోది కాస్త నీరసంగా ఉందని కనిపెట్టింది. తన ఒంట్లోంచి పుట్టాయి కాబట్టి తన పిల్లలేనని తేల్చేసింది. ఈ వయసులో ఒక్క కాన్పులో నలభైమంది. మరి బారసాల ఎప్పుడు?

బయటివాళ్ళు నవ్వుతారేమో గాని తేలూరులో ఇది ఆచారమే. ఎవరి కణాలతో ఏ చిట్టి అవయవం పెంచినా ఉయ్యాల కట్టి పేరు పెడతాం. కమిటీ కూడా ఒప్పుకుంటుంది, పళ్ళాల మూతలు తీయకూడదని ఒక్కటే షరతు.

చిక్కల్లా మేనమామ దగ్గర వచ్చింది. బారసాలకి మేనమామ లేకపోతే ఎలా? అత్త పిల్లలకు మేనమామంటే అత్త తమ్ముడు పేర్రాజు, అంటే మా నాన్న. ఆయన నాలుగు పంట్ల అవతల ఉంటాడు. నా పెళ్ళి విందులో చేపల పులుసులో ఉప్పు చాలలేదని అత్త అన్నప్పట్నుంచి ఆయన మా పంటు మీద కాలు పెట్టలేదు. ఆవిడా పిలవలేదు. అక్కాతమ్ముళ్ళిద్దరూ పక్కపక్క పడవల్లో వెళ్తూ కూడా ఒకరు తూర్పు, ఒకరు పడమర చూస్తారు.

ఇవాళ అత్త పసుపూ కుంకుమా పట్టుకుని, కాళ్ళు గోక్కుంటూ, ఆ నాలుగు పంట్లూ దాటి వెళ్ళి పిలిచొచ్చింది. వస్తానన్నాడో లేదో చెప్పలేదు. జవాబులో కూడా ఉప్పు తక్కువేనంది.

నమోదు 5

వచ్చాడండీ మా నాన్న. తలపాగా చుట్టుకుని, భుజం మీద తేనె సీసా పెట్టుకుని, మూడు పంట్ల మీదికి వినిపించేలా దగ్గుకుంటూ వచ్చాడు. ఆయనకు అరవై దగ్గర పడుతున్నాయి, ఎండుచేపలూ గోంగూరా ఏమిటి, రాళ్ళు తిన్నా అరిగించుకుంటాడు. అక్కను చూసి ఎండ మండిపోతోందన్నాడు. అక్క అవునంది. ఉప్పు కేసు అంతటితో కొట్టేశారు.

ఉయ్యాల పట్టుచీరతో కట్టారు. నలభై పళ్ళాలూ అందులో సర్దాం. నలభై పేర్లు! అత్త మొదటి పది దేవుళ్ళకిచ్చింది, తర్వాతి పది చేపల పేర్లు పెట్టింది, ఆ తర్వాత తనకు నచ్చిన చుట్టాల పేర్లు. మా నాన్న పేరు చివరి పళ్ళానికి వచ్చింది, ఆయన దాంతోనే పొంగిపోయాడు. నాకు అడుగడుగునా నవ్వాగలేదు. ఊళ్ళోవాళ్ళంతా పాడుతున్నారు, భద్రం డప్పు కొడుతున్నాడు. చాలా కాలానికి అత్త రెండు చేతులతో చప్పట్లు కొట్టడం చూశాను, గోక్కోవడానికి తీరిక లేక. మధ్యలో వచ్చేపోయే పడవలు కట్టించడానికి నేను ఓ అరగంట బయట ఉన్నాను. అంతే, ఓ అరగంట.

సాయంత్రం ఉయ్యాల్లోంచి పళ్ళాలు తీసి మందులు వేశాను. ఒక్క పళ్ళానికి మందు వేయలేదు, ఉత్త నీళ్ళు. పోల్చి చూసుకోవడానికి ఒకటి అలా ఉంచాలి.

నమోదు 6

పరీక్ష సులువు. నీలి దీపం కింద పెడితే, పిత్తం బాగా పారుతున్న కాలేయం పచ్చగా మెరుస్తుంది. పారకపోతే చీకటి.

మొదటి పళ్ళెం పెట్టాను. మెరిసింది. రెండోది మెరిసింది. మూడోది, నీరసంగా ఉందన్నది, అదీ మెరిసింది. పదోది మెరిసేసరికి కుర్చీ ఎక్కి గెంతాను. ఇరవయ్యోది చూడకుండానే బయటికి పరిగెత్తి గంట కొట్టాను. పంటు పంటంతా వచ్చేసింది. ఎవరో బెల్లం పంచారు. మా నాన్న అక్కను కుర్చీలో కూర్చోబెట్టి, ఆ కుర్చీని ఇద్దరు మనుషులతో ఎత్తించి ఊరేగించాడు. అత్త పైనుంచి అందరికీ చెప్పింది, మా పిల్లలు ప్రయోజకులయ్యారు అని.

ఇన్ని మందులు పనిచేశాయి, ఏది ముందు వాడాలో తేల్చుకోవడమే నా కష్టం! ఇంత సుఖమైన కష్టం మనిషికి ఒక్కసారే వస్తుంది.

నమోదు 7

నీళ్ళు వేసిన పళ్ళెం కూడా మెరిసింది.

మళ్ళీ పెట్టాను. మళ్ళీ మెరిసింది. దీపం మార్చాను. అయినా మెరిసింది. ఉత్త నీళ్ళు మందయితే చుట్టూ ఉన్న సముద్రమంతా ధన్వంతరే. అత్తను పిలిచి, బారసాల రోజు నేను లేనప్పుడు ఎవరైనా మూతలు తీశారా అని మెల్లిగా అడిగాను.

దాయాలన్న ఆలోచనే ఆవిడకు లేదు. "తియ్యకపోతే పసుపెలా పెడతానే? ఏ బిడ్డకైనా పసుపు పెట్టకుండా బారసాల చేసేరా ఎవరైనా? పుల్లతో పిసరంత అద్దేను, ఒక్కోళ్ళకీ సమానంగా."

పసుపు! నీలి దీపం కింద పసుపంత పచ్చగా మెరిసేది మరొకటి లేదు. ముప్పైతొమ్మిది మందులూ పనిచేయలేదు. నలభై బొట్లు మెరిశాయి. విషయం చెప్పాను. అత్త ముఖం మాడిపోయింది. కాసేపు చేతులు చూసుకుని, తర్వాత మోచేతి దగ్గర గోకడం మొదలుపెట్టింది, అదీ చూడకుండానే. ఆవిడను తిట్టాలనిపించింది, పట్టుకుని ఏడవాలనిపించింది. రెండోదే చేశాను. కొత్త కాలేయాలు పెంచి, వాటికి కుదిరిన మందు అత్తకిచ్చి చూడడానికి పట్టే సమయం, ఓడ రావడానికి ఉన్న సమయం, రెండూ ఇంచుమించు ఒకటే. నా దగ్గర ఒక్క అవకాశముంది, ఒక్క మందుకు సరిపడా.

నమోదు 8

చెడిన పళ్ళాలు పారేసేముందు వాటిలో ఏమేం కలిసిందో చూసి రాయాలి, అదీ నియమం. కసిగానే చేశాను. సిద్ధాంతి వరసగా చెప్పింది: పసుపు, కుంకుమ రవ్వ, పట్టుచీర పోగు, తేనె. తర్వాత ఇంకో మనిషి కణాలు ఉన్నాయంది. ఉంటాయి మరి, సంతలో పెట్టినట్టు పెట్టాం అనుకున్నాను.

ఆ రెండో మనిషి జన్యువులోనూ అత్త జన్యువులో ఉన్న అచ్చుతప్పే ఉందట, అదీ తల్లి పక్కా తండ్రి పక్కా, రెండు పక్కలా.

చదివి మళ్ళీ చదివాను. రెండు పక్కలా ఉందంటే ఆ మనిషికీ ఇదే జబ్బు ఉండాలి. పేరు చెప్పమంటే సిద్ధాంతి చెప్పదు. ఎవరి జన్యువులు వాళ్ళ సొత్తు, వాళ్ళు తెరవమంటేనే తెరుస్తుంది. కానీ ఆ పళ్ళాల్లోకి తేనె ఎలా వచ్చిందో భద్రానికి గుర్తుంది. మూతలు తీసి ఉన్నప్పుడు మేనమామ బిడ్డల నోటికి తేనె రాయాలిగా. తీపి సరిపోయిందో లేదో ముందు తాను వేలు నాకి చూసి, అదే వేలితో రాశాడట.

మా నాన్న! అరవై ఏళ్ళు దగ్గర పడుతున్నాయి, కళ్ళు ముత్యాల్లా ఉన్నాయి. ఆ మనిషి ఒళ్ళు గోక్కోవడం నేను ఎప్పుడూ చూడలేదు. అత్త ఒంట్లో ఉన్న తలుపులే ఆయన ఒంట్లోనూ ఉన్నాయి, మరి పిత్తం ఎందుకు పొర్లడంలేదు? నాకు నిలబడ్డచోటే పిచ్చి ఆనందం ముంచుకొచ్చింది. మందు ఎలా పనిచేయాలో చేసి చూపిస్తున్న మనిషి నాలుగు పంట్ల అవతల వల బాగుచేసుకుంటున్నాడు.

నమోదు 9

నాన్న దగ్గరికి వెళ్ళి, జన్యువులు తెరవడానికి ఒప్పుకోమన్నాను. ఎందుకో చెప్పాను. వల పక్కన పెట్టేశాడు. అంత గట్టి మనిషి గొంతు పీలగా వచ్చింది.

"నాకూ అక్కయ్య జబ్బే ఉందంటావా అమ్మలూ?"

ఉండాలి గాని లేదు, ఎందుకు లేదో తెలిస్తే అక్కయ్యకు మందు దొరకవచ్చు అన్నాను. చూడకుండా ఉంటే ఏమీ తెలియకుండా హాయిగా ఉండొచ్చనీ, అది ఆయన ఇష్టమనీ కూడా చెప్పాను. భయపడ్డాడు, నాకు తెలుసు. సూదంటేనే పారిపోయే మనిషి. తర్వాత చొక్కా చెయ్యి పైకి మడిచి, కళ్ళు గట్టిగా మూసుకుని, చెయ్యి చాపాడు. చిన్నప్పుడు అక్కయ్య తన వాటా మామిడిపండు కూడా తమ్ముడికే పెట్టేదని, కళ్ళు తెరవకుండానే చెప్పాడు.

నమోదు 10

తెలిసింది!

నాన్న తలుపులూ సగమే తెరుచుకుంటాయి. కానీ ఆయనకు ఇంకో చోట ఇంకో అచ్చుతప్పు ఉంది. కాలేయంలో పిత్తాన్ని తయారుచేసే కుళాయి ఒకటుంటుంది, ఆ కుళాయి ఆయనకు పుట్టుకతోనే వదులు. ధార తక్కువ. సగం తెరిచిన తలుపుకు సగం ధార, లెక్క సరిపోయింది. ఒక తప్పు ఇంకో తప్పును కాసింది. మేమంతా ఇన్నాళ్ళూ తలుపు బాగుచేసే మందు కోసం వెతికాం. కుళాయి తగ్గించాలని ఎవరికీ తోచలేదు.

కుళాయి తగ్గించే మందు బీరువాల్లో ఉందా అని సిద్ధాంతిని అడిగాను. ఒకే ఒక్క సంబంధం చెప్పింది. కేశోరిన్. ఏ రోగానికి పుట్టిందా అని చూస్తే, బట్టతల మీద జుట్టు మొలిపించడానికట! వేలమంది మింగారు, ఏళ్ళ తరబడి మింగారు. ఒక్కరికీ ఒక్క వెంట్రుకా మొలవలేదు, ఒక్కరికీ ఏ హానీ జరగలేదు. కాకపోతే పిత్తం కాస్త తగ్గిందని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. బట్టతల వాళ్ళకి పిత్తంతో ఏం పని, ఎవరూ పట్టించుకోలేదు. ఎవరికీ నచ్చని పెళ్ళికొడుకులా మూల బీరువాలో కూర్చుని ఉంది, మూట మూటంతా. ఒక సీసా తీసి గుండెకు హత్తుకుని పంటంతా గిరగిరా తిరిగాను. కమిటీ పెద్దాయన అటుగా వెళ్తూ చూశాడు. ఆయనది బట్టతల. ఆశపడ్డాడు పాపం.

నమోదు 12

కొత్త కాలేయాలు ఎదిగాయి. ఈసారి అత్తను గడప దాటనివ్వలేదు. ఆవిడ గుమ్మం బయటే కూర్చుని, ఆచారం లేని పిల్లలు ఎలా పైకొస్తారో చూస్తానని నన్ను సాధిస్తూనే ఉంది. నీలి దీపం పెట్టాను. నీళ్ళ పళ్ళెం చీకటి. కేశోరిన్ పళ్ళెం సన్నగా, తొలికోడి వేళ ఆకాశంలా, మెరిసింది. గంట కొట్టలేదు. పదిసార్లు చూసి, కమిటీ వాళ్ళకు పదిసార్లు చూపించి, అప్పుడు బయటికొచ్చి గుమ్మం దగ్గర ఆవిడ ఒళ్ళో తల పెట్టాను.

కమిటీ ఒప్పుకుంది. అత్త మొదటి మాత్ర మజ్జిగతో మింగింది. జుట్టు ఒత్తుగా వస్తే మాత్రం జడ వేసే బాధ్యత నాదేనంది.

నమోదు 14

ఓడ కనిపిస్తోంది. రేపు లంగరు వేస్తుంది.

అత్త నెత్తుట్లో పిత్తం తగ్గింది. మొదట కొంచెం, తర్వాత ఇంకొంచెం, ఇప్పుడు సగానికి వచ్చింది. కాగితం మీద గెలిచాం. కానీ దురద పోలేదు. నిన్న రాత్రి కూడా కూర్చునే ఉంది, నిన్న కూడా గోకుతూనే ఉంది. ఓడ డాక్టరమ్మకు వైర్‌లెస్‌లో అన్నీ చెప్పాను. అంకెలు బాగున్నాయనీ, అంకెలొక్కటే చాలవనీ, మనిషి తెరిపిన పడకపోతే ఎక్కించుకుపోవడమే మంచిదనీ ఆవిడ అంది. న్యాయమే. ఆ న్యాయం మీద నాకు ఒళ్ళు మండింది.

అత్త చీరలు సర్దుకుంది. నేను అడక్కుండానే ఆవకాయ జాడీలు ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పింది. నేను విననట్టు నటించాను.

నమోదు 15

మధ్యాహ్నం డాక్టరమ్మ పడవలో వచ్చింది. మనిషి సన్నగా ఉంది, నడక చురుకు. నేను కాగితాలు చూపిస్తూ, అంకెలు అప్పజెపుతూ, ఆవిడను మాట్లాడనివ్వకుండా ఇంటి దాకా తీసుకొచ్చాను. వెనక భద్రం, ఆ వెనక మా నాన్న, అక్కతో పాటు తానూ ఓడెక్కుతానని మూట కట్టుకుని.

అత్త వరండాలో ఉంది. పడవ కోసం ఎదురుచూస్తూ తన పెట్టె మీద కూర్చుంది, గోడకు జారగిలబడి ఉంది. తల ఒక పక్కకు వాలిపోయింది. దగ్గరికి వెళ్ళి వంగి చూశాను.

నిద్రపోతోంది.

నోరు కొంచెం తెరుచుకుని, సన్నగా గురకపెడుతూ. రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పడి ఉన్నాయి, పసిపిల్ల చేతుల్లా, కదలకుండా. మోకాలి మీద ఈగ వాలింది. చెయ్యి లేవలేదు. డాక్టరమ్మ గోడ పక్కన చతికిలబడి, ఆ చేతులకేసి చాలాసేపు చూస్తూ కూర్చుంది. తర్వాత నా కాగితం అందుకుని, నెలనెలా నెత్తురు పరీక్ష చేసి పంపమనీ, వచ్చే కార్తీకంలో మళ్ళీ చూస్తాననీ రాసింది. కలం చప్పుడు కూడా కాకుండా రాసింది. వెళ్తూ గుసగుసగా అడిగింది:

"లేపి చెప్పాలా?"

ముగ్గురం ఒకేసారి తలలడ్డంగా ఊపాం.

భద్రం ఆవిడ పడవలోనే వెళ్ళాడు, లంగరు ఎత్తేటప్పుడు కూత పెట్టొద్దని ఓడ కెప్టెన్‌ని బతిమాలడానికి. మా నాన్న వరండా మెట్టు మీద కూర్చుని, అటుగా వచ్చినవాళ్ళందర్నీ వేలు చూపించి ఆపేశాడు. వీధి వీధంతా చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తోంది. పక్కింటివాళ్ళు కోడిపుంజును గంప కింద మూసేశారు. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాను, నవ్వుతున్నాను, ఏది ఎక్కువో నాకే తెలియదు.

ఓడ కూత పెట్టకుండానే వెళ్ళిపోయింది.

అత్త ఇంకా లేవలేదు.